డిశ్చార్జి చీటీ ఇచ్చారు, ఆ తర్వాతేంటో ఎవరూ చెప్పలేదు

ఎడిటర్ గారికి,

నమస్కారం. పోయిన వారం మీ జిల్లా పేజీలో బస్టాండు దగ్గర ఒకతను రాళ్లు విసిరాడని వార్త వేశారు. హెడ్డింగులో 'సైకో' అని, లోపల 'మతిస్థిమితం లేని వ్యక్తి' అని రాసి, పక్కనే అతని ఫొటో కూడా వేశారు. మా ఇంట్లో పేపరు అందరికంటే ముందు చదివేది మా అన్నయ్య. ఆ రోజు కూడా చదివాడు, మడతపెట్టి ఫ్రిజ్ మీద పెట్టాడు, కాసేపటికి నాతో "చెల్లీ, అతనికి మాత్రలు అయిపోయుంటాయి" అన్నాడు. ఇంకేం అనలేదు. ఆ ఒక్క మాట విన్నాకే మీకు ఈ ఉత్తరం రాయాలనిపించింది.

మా అన్నయ్యకు స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు. ఈ ఉత్తరంలో ఏముందో తనకి తెలుసు, రాసుకో కానీ పేరు వేయొద్దు అన్నాడు, అందుకే ఊరు పేరు కూడా రాయడం లేదు. డిగ్రీ అయ్యాక హైదరాబాద్‌లో ఉద్యోగం వెతుక్కుంటున్న రోజుల్లో మొదలైంది. గదిలో ఫ్యాను తన గురించే మాట్లాడుతోందని అనేవాడు. అమ్మానాన్నలు ముందు అంత్రం కట్టించారు, తర్వాత గాలి సోకిందని ఎవరో అంటే ఇంకోచోటికి తీసుకెళ్లారు. వాళ్లని నేను తప్పుపట్టను. జ్వరం వస్తే ఎక్కడికి వెళ్లాలో మా ఊళ్లో చిన్నపిల్లాడు కూడా చెబుతాడు, ఇలాంటిది వస్తే ఎక్కడికి వెళ్లాలో ఆ రోజు మాకు చెప్పే మనిషి లేడు.

చివరికి పెద్దాసుపత్రిలో చేర్చాం. 23 రోజులు ఉంచారు. చూసిన డాక్టరమ్మ మంచావిడ, ఆ మాట చెప్పకపోతే తప్పవుతుంది. కానీ 2018 నవంబరులో డిశ్చార్జి చేసిన రోజు మా చేతికి ఇచ్చింది ఒక చీటీ, గోధుమరంగు కవర్లో పదిహేను రోజుల మాత్రలు. మళ్లీ ఎప్పుడు రావాలని నాన్న అడిగితే "రాసుంది కదండీ" అన్నారు కౌంటర్లో. మా ఊరికి దగ్గర్లో ఎవరిని చూపించుకోవాలి, మాత్ర మానేస్తే ఏమవుతుంది, రాత్రి నిద్ర పట్టకపోవడం మొదలైతే అది దేనికి గుర్తు, పనికి పంపొచ్చా, పెళ్లిళ్లకు తీసుకెళ్లొచ్చా? ఒక్కదానికీ జవాబు లేదు. మేం అడగలేదు కూడా, ఏం అడగాలో తెలిస్తే కదా అడగడానికి.

చాలా కాలం అది మా తెలివితక్కువతనం అనుకున్నాం. తర్వాత తెలిసింది, 2017లో పార్లమెంటు చేసిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో డిశ్చార్జి గురించే ఒక సెక్షన్ ఉందని. 98వది. రోగిని ఇంటికి పంపేటప్పుడు డాక్టరు అతనితోనూ, ఇంట్లో చూసుకోబోయే వాళ్లతోనూ, ఇకమీదట చూడబోయే డాక్టరుతోనూ మాట్లాడి, ఎలాంటి చికిత్స, ఎలాంటి సేవలు కావాలో కలిసి నిర్ణయించాలని అందులో ఉంది. ఆ చట్టం అమల్లోకి వచ్చింది 2018 మే 29న. అంటే అన్నయ్యని మాకు అప్పగించేనాటికి ఆరు నెలలుగా అమల్లోనే ఉంది. కౌంటర్లో ఉన్నతనికి అది తెలుసో తెలియదో గానీ మాకు మాత్రం తెలియదు, గోడ మీద ఒక కాగితం అంటించి ఉన్నా నాన్న చదివేవాడు, ఆయనకి గోడల మీద ఉన్నవన్నీ చదివే అలవాటు.

ఆ తర్వాత జరిగింది ఈ జబ్బున్న ప్రతి ఇంట్లోనూ జరిగేదే. నెలకోసారి మాత్రల కోసం ఆటోలో మండలం సెంటరుకి, అక్కడి నుంచి బస్సులో పెద్దాసుపత్రికి, లైన్లో నిలబడి చూపించుకుని ఇంటికొచ్చేసరికి రాత్రయ్యేది. ఆ రోజు అమ్మ కూలి పోయేది. 2019 ఎండాకాలంలో ఒకసారి వెళ్తే "ఆ మాత్ర స్టాకు లేదు, వారం ఆగి రండి" అన్నారు. బయట కొందామని మా మండలంలో ఉన్న మెడికల్ షాపులన్నీ తిరిగాం, ఎక్కడా లేదు. వారం రెండు వారాలైంది. ఈలోపు మా పెద్దమ్మ కొడుకు పెళ్లి వచ్చింది, అక్కడ చుట్టాలందరూ "బాగానే ఉన్నాడు కదా, ఇంకా ఆ మత్తు బిళ్లలెందుకు, వాటివల్లే లావైపోతున్నాడు" అన్నారు. అన్నయ్యకీ అదే నిజమనిపించింది. నెల తిరిగేసరికి మళ్లీ ఫ్యాను మాట్లాడడం మొదలైంది. ఒక రాత్రి తలుపు తీసుకుని వెళ్లిపోయాడు, రెండు రోజుల తర్వాత రైల్వే స్టేషన్లో దొరికాడు. ఆ రెండు రోజుల్లో ఎవరో ఫొటో తీసి ఏదో పేపరుకి పంపి ఉంటే మా అన్నయ్య కూడా మీ హెడ్డింగులో ఆ మాటే అయ్యుండేవాడు.

అదే చట్టంలో 18వ సెక్షన్ ఏం చెబుతుందో రాస్తాను, దయచేసి ఈ ముక్క కత్తిరించకండి. ప్రభుత్వం అత్యావశ్యక మందుల జాబితా ప్రకటించాలి, ఆ జాబితాలోని మందులన్నీ కమ్యూనిటీ హెల్త్ సెంటర్ మొదలుకొని పైస్థాయి ప్రభుత్వ ఆసుపత్రులన్నింటిలో మానసిక అనారోగ్యం ఉన్నవాళ్లకి ఎప్పుడూ ఉచితంగా దొరకాలి. జిల్లా కేంద్రంలో మాత్రమే అని లేదు. జిల్లాలో చట్టం చెప్పిన కనీస సేవలు లేకపోతే అదే జిల్లాలో ఉన్న వేరే ఏ మానసిక వైద్య సేవనైనా వాడుకోవచ్చు, ఆ ఖర్చు ప్రభుత్వమే భరించాలి అని కూడా ఉంది. మా మండలంలో కమ్యూనిటీ హెల్త్ సెంటర్ ఉంది. నేను వెళ్లి అడిగాను, అక్కడి ఫార్మసిస్టు "పిచ్చి మందులు ఇక్కడ ఉండవమ్మా" అన్నాడు. ఆయన కోపంగా అనలేదు, ఎగతాళిగా కూడా అనలేదు, మామూలుగానే అన్నాడు. నాకు ఎక్కువ బాధ కలిగింది అందుకే.

మా ఊరికి 104 బండి వస్తుంది. రచ్చబండ దగ్గర ఆగితే బీపీ, షుగర్ ఉన్న పెద్దవాళ్లందరూ పుస్తకాలు పట్టుకుని వచ్చి మాత్రలు తీసుకెళ్తారు. ఎవరూ సిగ్గుపడరు, ఒకరినొకరు "నీకెంత ఉంది?" అని కూడా అడుక్కుంటారు. ఆ బండిలోనే మా అన్నయ్య వేసుకునే మాత్రలు కూడా ఉంటే ఎంత బాగుంటుంది! డాక్టరు చూసి రాసిచ్చిన చీటీ ఉన్నవాళ్లకే ఇవ్వండి, మూడు నెలలకోసారి పెద్దాసుపత్రికి వెళ్లి చూపించుకుంటాం, కానీ నెలనెలా మాత్రల కోసం అంత దూరం తిప్పించకండి. టీబీ మాత్రలు వేసుకుంటున్నారా లేదా అని ఆశా కార్యకర్త ఇంటికొచ్చి అడుగుతుంది. ఈ మాత్రల గురించి ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు, అది ఆమె తప్పు కాదు, ఆమె రిజిస్టరులో దీనికి గడి ఉంటే కదా అడగడానికి.

ఇదేమీ ఎవరూ చేయని ఆలోచన కాదు. మన పక్కనే ఉన్న బళ్లారి జిల్లాలో 1980లలోనే బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు ప్రైమరీ హెల్త్ సెంటర్ డాక్టర్లకి, ఊళ్లలో తిరిగే ఆరోగ్య సిబ్బందికి శిక్షణ ఇచ్చి, కొన్ని ముఖ్యమైన మందులు అక్కడే అందుబాటులో పెట్టి, ఈ జబ్బులకి పల్లెల్లోనే వైద్యం చేయొచ్చని చూపించారు. ఆ బళ్లారి పద్ధతిలోనే కేంద్రం జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం పెట్టింది. 1996లో దేశం మొత్తం మీద నాలుగు జిల్లాలతో మొదలుపెడితే అందులో ఒకటి మన మెదక్. అంటే ఇది తెలుగు నేల మీద మొదటి రోజు నుంచీ ఉంది. మరి ఇన్నేళ్ల తర్వాత కూడా మా మండలం ఫార్మసిస్టు ఆ మాట ఎందుకన్నాడు? 2015-16లో నిమ్హాన్స్ చేసిన జాతీయ సర్వే ప్రకారం పెద్దవాళ్లలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు, సమస్యను బట్టి నూటికి 70 నుంచి 92 మందికి వైద్యం అందడం లేదు. ఆ సర్వేకి 12 రాష్ట్రాలు తీసుకున్నారు, అందులో మన రెండు తెలుగు రాష్ట్రాలూ లేవు. మనవాళ్ల లెక్క మనకి కావాలి కదండీ.

మందుల గురించి ఇంత రాశాను గానీ, మా అన్నయ్య కోలుకున్నది ఒక్క మందులతోనే కాదు. మా వీధి చివర టైలరు షాపు ఉంది. ఆయన్ని ఊరందరూ మాస్టారనే పిలుస్తారు, మాకు వరసకి బాబాయ్. 2019లో రెండోసారి ఆసుపత్రి నుంచి వచ్చాక అన్నయ్య రోజంతా అరుగు మీద కూర్చుని ఉండేవాడు. మాస్టారు ఒకరోజు వచ్చి "నాకు కాజాలు కుట్టే కుర్రాడు మానేశాడు, మీవాడిని పంపుతారా?" అని నాన్నని అడిగారు. మాత్రల వల్ల పొద్దున్న లేవలేడని చెబితే "పదకొండుకి రమ్మనండి, ఓపికున్నంతసేపు ఉంటాడు" అన్నారు. చేతులు వణికేవి, మందు వల్ల. మొదటి వారం సూదిలో దారం ఎక్కించడానికే చాలాసేపు పట్టేది. మాస్టారు తను ఎక్కించి ఇవ్వలేదు, ఎక్కేదాకా పక్కన తన పని తాను చేసుకునేవారు. ఎంత ఆలస్యమైనా ఏమీ అనేవారు కాదు.

అన్నయ్య షాపులో కూర్చున్నాక ఊళ్లో కొందరు మాస్టార్ని నిలదీశారు. "ఆడి చేతికి కత్తెరిస్తావేటి?" అని. నేను అప్పుడు అక్కడే ఉన్నాను, జాకెట్టు కొలత ఇవ్వడానికి వెళ్లాను. మాస్టారు జవాబు చెప్పలేదు. బల్ల మీదున్న పెద్ద కత్తెర తీసి, పిడి అన్నయ్య వైపు తిప్పి ఇచ్చి, "ఆ లైనింగు గుడ్డ కొయ్యి బాబూ" అన్నారు. అన్నయ్య చేయి వణుకుతూనే ఉంది, సుద్దగీత మీద నుంచి రెండుచోట్ల పక్కకి పోయింది, అయినా కోశాడు. ఆ గుడ్డ నా జాకెట్టుకే వేశారు. ఇప్పటికీ నా దగ్గరుంది.

మాస్టారు చేసింది చేయడానికి ప్రభుత్వం దగ్గర పథకం ఏదైనా ఉందా అని వెతికాను. 2016 వికలాంగుల హక్కుల చట్టం మానసిక అనారోగ్యాన్ని 21 రకాల వైకల్యాల్లో ఒకటిగా గుర్తించింది. ప్రభుత్వోద్యోగాల్లో ఉన్న నాలుగు శాతం రిజర్వేషన్లో ఆటిజం, మేధో వైకల్యం, నేర్చుకోవడంలో ఇబ్బంది, మానసిక అనారోగ్యం ఉన్నవాళ్లకి కలిపి ఒక శాతం వాటా ఉంది. కానీ దేనికైనా ముందు వైకల్యం ఎంతో చెప్పే సదరం సర్టిఫికెట్ కావాలి, అందులో కనీసం 40 శాతం ఉండాలి. మేం క్యాంపుకి వెళ్లాం. లైన్లో ముందున్న పెద్దాయన అన్నయ్యని పైనుంచి కిందదాకా చూసి "నీకేమైంది బాబూ, కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయి కదా" అన్నాడు. లోపల డాక్టరుగారు తన పని తను చేశారు, సొంత పనులు చేసుకుంటున్నాడా, నలుగురితో కలుస్తున్నాడా, మాట్లాడుతున్నాడా, పనికి వెళ్తున్నాడా అని చూసి మార్కులు వేస్తారు. ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, ఈ జబ్బు ఒక ఏడు ఉన్నట్టు ఇంకో ఏడు ఉండదు. బాగా ఉన్నప్పుడు వెళ్తే శాతం రాదు, బాగా లేనప్పుడు క్యాంపుకి తీసుకెళ్లడమే కుదరదు. పైగా మాస్టారి దగ్గర పని చేస్తున్నానని చెబితే శాతం తగ్గుతుందేమోనని అన్నయ్యకి టెన్షన్. కోలుకుంటున్న మనిషి కోలుకుంటున్నానని చెప్పడానికి భయపడాల్సి రావడం అన్యాయం. ఇలాంటి మనుషులకి పని ఇచ్చే చిన్న షాపులకి, రోజుకి మూడు గంటలే పని చేయగలిగిన వాళ్లకి కొంత జీతం ప్రభుత్వం కలిపితే, ఉన్న పింఛను వెంటనే తీసేయకుండా ఒకటి రెండేళ్లు ఉంచితే, చాలామంది అరుగుల మీద నుంచి లేస్తారు.

మన మాటల గురించి కూడా చెప్పాలి. 'పిచ్చి కుదిరితే గాని పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గాని పిచ్చి కుదరదు' అని మనం నవ్వుకుంటూ వాడే సామెత ఉంది కదా, మా ఇంటికి వచ్చేవాళ్లు దాన్ని సలహాగానే చెబుతారు. పెళ్లి చేసేయండి సర్దుకుంటాడు అంటారు. అమ్మాయికి చెప్పకుండా చేసేయమన్నవాళ్లూ ఉన్నారు. అన్నయ్య ఒప్పుకోలేదు, చెప్పి చేసుకుంటే చేసుకుంటాను లేకపోతే లేదు అన్నాడు. తెలంగాణలో ఎవరైనా తిక్కగా మాట్లాడితే 'ఎర్రగడ్డకి పంపాలి' అంటారు, మా వైపు వైజాగ్ ఆసుపత్రి పేరు చెబుతారు. అవి ఆసుపత్రులు. విశాఖలో ఉన్నది 1871 నాటిది, ఎన్ని ఇళ్ల వాళ్లు అక్కడి నుంచి బాగుపడి వచ్చారో. దాని పేరే తిట్టయ్యాక అక్కడికి మొదటిసారి వెళ్లాల్సిన కుర్రాడు ఎలా వెళ్తాడు, వాళ్ల అమ్మ పక్కింటివాళ్లకి ఏమని చెప్పి బస్సెక్కుతుంది? ఇక ఎన్నికలొస్తే నాయకులు ఒకరినొకరు సైకో అని మైకుల్లో తిట్టుకుంటారు, మా అన్నయ్య ఆ సభల పక్కనుంచే షాపుకి వెళ్తాడు.

ఇల్లే లేనివాళ్ల సంగతి నాకు ఇంకా దిగులు. అన్నయ్యకి మేమున్నాం. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఎర్వాడిలో గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు మంటల్లో చనిపోయారు, వాళ్లని అక్కడ వదిలింది కూడా ఇళ్లవాళ్లే, వాళ్లకి కూడా ఎక్కడికి తీసుకెళ్లాలో తెలియకే. ఇప్పుడు చట్టం ఏ రకంగానూ గొలుసు వేయకూడదంది, ఆసుపత్రికీ ఇంటికీ మధ్య ఉండడానికి హాఫ్‌వే హోములు కావాలంది. నయమయ్యాక కూడా తీసుకెళ్లేవాళ్లు లేక ఆసుపత్రుల్లోనే ఉండిపోతున్నవాళ్ల విషయం సుప్రీంకోర్టు వరకూ వెళ్లింది. చెన్నైలో 1993లో మొదలైన బన్యన్ సంస్థ మామూలు వీధుల్లో మామూలు ఇళ్లు అద్దెకి తీసుకుని, అలాంటి నలుగురైదుగురు ఒక ఇంట్లో వండుకుని తింటూ బతికేలా చేస్తోంది. పెద్ద బిల్డింగు కట్టక్కర్లేదు, అద్దె ఇల్లు చాలు. కాకపోతే ఇల్లు అద్దెకిచ్చే మనసున్న ఓనరు కావాలి.

ఎడిటర్ గారూ, మీరు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. మానసిక ఆసుపత్రిలో చికిత్సలో ఉన్నవాళ్ల ఫొటోగానీ వివరాలుగానీ వాళ్ల అనుమతి లేకుండా మీడియాకి ఇవ్వకూడదని అదే చట్టం 24వ సెక్షన్ చెబుతోంది. బస్టాండులో ఉన్న మనిషి ఇంకా ఆసుపత్రి దాకా చేరలేదు కాబట్టి ఆ సెక్షన్ వర్తించదని మీ వాళ్లు అనొచ్చు, కానీ చేరిన మనిషికి ఉన్న మర్యాద చేరని మనిషికి ఎందుకుండకూడదు? 'సైకో' మాట మానేయండి. అలాంటి వార్త వేసినప్పుడు కింద 14416 నంబరు వేయండి. అది ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలీ మానస్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు, పగలూ రాత్రీ ఎత్తుతారు. నేను అమ్మకి ఆ నంబరు ఫోనులో 'డాక్టరమ్మ' అని సేవ్ చేసి ఇచ్చాను. ఇంకో విషయం, మీ జిల్లా రిపోర్టరుని ఒక్క రోజు జిల్లాలో ఉన్న కమ్యూనిటీ హెల్త్ సెంటర్లన్నింటికీ పంపి, మనోవైద్యానికి సంబంధించిన మందులు ఏవేవి ఉన్నాయో అడిగించి, ఏ ఊళ్లో ఉన్నాయో ఏ ఊళ్లో లేవో అచ్చు వేయండి. మేం అడిగితే ఫార్మసిస్టు ఒక మాట చెప్పి పంపేస్తాడు, మీరు అడిగితే కలెక్టరు గారు చదువుతారు.

మాస్టారికి ఈ మధ్య చూపు తగ్గింది, ఇప్పుడు సూదిలో దారం ఎక్కించేది అన్నయ్యే. వచ్చే బుధవారం మాత్రలకి వెళ్లాలి, ఈసారి స్టాకు ఉందో లేదో బయలుదేరే ముందు ఫోను చేసి కనుక్కోవడానికి ఆ ఆసుపత్రి ఫార్మసీ నంబరు కూడా మాకు ఎవరూ ఇవ్వలేదు. మీ దగ్గరుంటే అది కూడా వేయండి.

ఇట్లు,
ఒక చెల్లెలు
విజయనగరం జిల్లా